కొసరు కిలోలు

ఎగిరే బండ్ల గురించి రాసేవాళ్ళందరూ ఆకాశం గురించే రాస్తారు. ఎన్ని బండ్లు లేచాయి, గాలిలో ఎన్ని దారులు గీశారు, ఎన్ని నిమిషాలు కలిసొచ్చాయి, ఎంతసేపూ ఇవే లెక్కలు. నేను ఆరేళ్ళుగా ఆ బండ్లకు బ్యాటరీలు మారుస్తున్నాను. నాకు తెలిసినంతలో ఆకాశంలో జరిగేది చాలా తక్కువ. బండి లేస్తుంది, పోతుంది, దిగుతుంది. కథంతా కిందే, బండి లేవకముందే జరుగుతుంది. అందుకని నేను చెప్పబోయేది నేల మీద నిలబడి మనుషుల్ని తూచిన ఒక మనిషి గురించి. ఇష్టమైనవాళ్ళు చదవండి, లేనివాళ్ళు తలెత్తి ఆకాశం చూసుకోండి.

మా స్టాండు ఒక పాత కార్ల పార్కింగు భవనం పైకప్పు మీద ఉంది. కార్లు తగ్గి కింది అంతస్తులు బోసిపోతే, కంపెనీవాళ్ళు పైకప్పు తీసుకుని, నాలుగు పసుపు గుండ్రాలు గీసి, ఒక గాజుగది కట్టి, అదే స్టేషనన్నారు. మొదట్లో రోజుకు రెండు బండ్లు లేచేవి. ఇప్పుడు ఎనిమిది నిమిషాలకొకటి లేస్తోంది. వాటికి కాస్త కింది ఎత్తులో డ్రోన్లు పోతుంటాయి. మందులు, కూరలు, కళ్ళజోళ్ళు, ఇంట్లో కూర్చుని ఎవడేం అడిగితే అది. మొదటి నెలల్లో రోడ్డు మీద జనం నోళ్ళు తెరుచుకుని పైకి చూసేవాళ్ళు. ఇప్పుడు పక్కింటి పిల్లి గోడ దూకితే అంతకంటే శ్రద్ధగా చూస్తారు.

బండి చిన్నది. నలుగురు పడతారు. నడిపేవాడు లేడు. నడిపేవాడు లేడు కాబట్టి బరువు పక్కాగా ఉండాలి. ప్రతి మనిషినీ సంచితో సహా తూచి, అంకె నొక్కి, ముద్ర ఉన్న చీటీ ఇచ్చి, ఎవరు ముందు కూర్చోవాలో ఎవరు వెనక కూర్చోవాలో చెప్పాలి. బండి కాళ్ళలో కూడా ఒక మీటరుంటుంది. నలుగురి చీటీల మొత్తానికీ అది చెప్పేదానికీ ఐదు కిలోలకు మించి తేడా వస్తే బండి మొరాయిస్తుంది. బతిమాలినా లేవదు. ఈ తూచే పని తూకాలక్కది.

ఆ పేరు మేం పెట్టింది కాదు. కూరగాయల మార్కెట్టు నుంచి ఆవిడ వెంట వచ్చింది. అక్కడ ఆవిడ భర్త పెద్ద కాటా దగ్గర పనిచేసేవాడు. బస్తా కాటా ఎక్కగానే ఆయన అంకె అరవాలి, ఆవరణ అవతల కూర్చున్న గుమస్తా విని రాసుకోవాలి. పెళ్ళయిన కొత్తలో ఈవిడ ఆయనకు అన్నం డబ్బా తీసుకెళ్ళేది. ఆయన తింటున్నంతసేపూ ఈవిడే అరిచేది. ఆయన పోయాక కాటా ఈవిడ చేతికొచ్చింది. పిల్లల్లేరు. ఆయన తరఫు బంధువులు ఆయనతోనే పోయారు, ఈవిడ తరఫువాళ్ళు అంతకుముందే పోయారు. ఒంటికాయ శొంఠికొమ్ములా ఇరవై ఆరేళ్ళు ఆ కాటా పక్కన నిలబడింది.

అక్కడ ఇంకో పని కూడా ఆవిడ నెత్తిన పడింది. బస్తాలు మోసే ఆడవాళ్ళు, కూరలమ్ముకునేవాళ్ళు తమ చంటిపిల్లల్ని తెచ్చి బరువు చూడమనేవాళ్ళు. చిన్న కాటా పళ్ళెంలో తువ్వాలు పరిచి, పిల్లను పడుకోబెట్టి, ముల్లు నిలబడగానే పావుకిలో కలిపి చెప్పేది. మూడుంపావు అందంటే అది మూడే అన్నమాట. తల్లి మొహం విప్పారేది. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు, ఎందుకక్కా ఆ దొంగలెక్క అన్నాను.

"వంకాయలకే కొసరేస్తామే, పిల్లలకి వెయ్యొద్దా తమ్ముడూ?" అంది.

తర్వాత డ్రోన్లొచ్చాయి, అవీ మా కంపెనీవే. తోటలో కోసిన కూరను తోటలోనే తూచి, పెట్టెలో పెట్టి, తిన్నగా దుకాణం కప్పు మీద దించేస్తుంటే మధ్యలో మార్కెట్టెందుకు? రెండేళ్ళలో ఆవరణ ఖాళీ అయింది. పెద్ద కాటాను పాత ఇనుము కింద లాక్కెళ్తుంటే ఆవిడ గేటు దాకా వెనకే నడిచిందట. ఆ తర్వాత మా కంపెనీవాళ్ళు తూకం తెలిసిన మనిషి కోసం వెతికారు. పొట్టకొట్టినవాళ్ళే పిలిచి పీట వేశారు. ఆవిడా పోయి కూర్చుంది, ఇంకేం చేస్తుంది?

పని మాత్రం అద్భుతంగా చేసేది. మనిషి ఇంకా మెట్లెక్కుతుండగానే "అరవై మూడు, సంచి నాలుగు" అని గొణిగేది. కాటా ఎక్కితే అరవై ఏడు చూపించేది. నేను పందెం కాసి మూడుసార్లు టీ ఓడిపోయి, బుద్ధి తెచ్చుకుని మానేశాను.

జనం సంగతి మీకు తెలుసుగా. వయసు అడిగినా చెప్తారు గాని బరువు చెప్పరు. బూట్లు విప్పేవాడు, జేబులో తాళాలు పక్కవాడి చేతికిచ్చేవాడు, కాలి వేళ్ళ మీద నిలబడేవాడు. ఒకాయన ఊపిరి బిగబట్టి కళ్ళు మూసుకున్నాడు. "ఊపిరాపితే బరువు తగ్గదు బాబూ, మొహం కందిపోతుందంతే" అంది. మొగుడూ పెళ్ళాల్ని ఒకర్ని ముందు, ఒకర్ని వెనక కూర్చోమంటే కొందరు గొడవకొచ్చేవాళ్ళు. "పది నిమిషాలే నాయనా, విడాకులు కాదు" అని చీటీ చేతిలో పెట్టేది. లైనంతా నవ్వేది. ఆవిడ నవ్వేది కాదు, తర్వాతి మనిషిని చూసేది.

రోజుకు రెండు వందల మంది ఆవిడ ముందుకొచ్చేవాళ్ళు. ఒక్కరూ నిమిషానికి మించి నిలబడరు. వాళ్ళ పేర్లు ఆవిడకు తెలియవు, బరువులు తెలుసు. "డెబ్భై ఒకటి ఈమధ్య రావట్లేదు తమ్ముడూ, ఒంట్లో బాగుందో లేదో" అనేది. డెబ్భై ఒకటి ఎవడని నేను విసుక్కునేవాణ్ణి. సెలవు రోజు కూడా మధ్యాహ్నానికల్లా వచ్చి నా బ్యాటరీ బీరువా పక్కన కూర్చునేది. ఇంట్లో పడుకోక ఇక్కడేం పనక్కా అంటే, "పడుకుంటే లేపేవాళ్ళుండాలిగా" అనేది. నేను దాన్ని హాస్యం కింద జమకట్టేశాను. మనకు ఇబ్బందయిన మాటల్ని హాస్యం కింద జమకట్టడంలో నన్ను మించినవాడు లేడు.

ఇలా ఉండగా ఒక గురువారం ఒకావిడ వచ్చింది. ముప్ఫయ్యైదేళ్ళుంటాయి. బళ్ళో లెక్కలు చెప్తుంది. నది అవతల ఆసుపత్రిలో వారం వారం సూది వేయించుకోవాలి. రోడ్డు మీద పోతే కుదుపులకు ప్రాణం పోతోందని బండెక్కుతోంది. ఇదంతా కాటా మీద నిలబడ్డ నిమిషంలోనే చెప్పేసింది. తోడెవరూ లేరు. తమ్ముడున్నాడట గాని అతనికి వారం మధ్యలో సెలవు దొరకదు. ఆ రోజు ఆవిడ బరువు యాభై రెండు.

తర్వాతి గురువారం అరగంట ముందే వచ్చి, లైను లేకపోతే తూకాలక్క పక్కన బెంచీ మీద కూర్చుంది. అలా మొదలైంది. బళ్ళో పిల్లల అల్లరి, పక్కింటివాళ్ళ పోట్లాట, ఇంటి కుళాయి సంగతి, అన్నీ చెప్పేది. తూకాలక్క మార్కెట్టు కబుర్లు చెప్పేది. అక్కకు అన్ని కబుర్లు వచ్చని నాకు అప్పుడే తెలిసింది. గురువారం వస్తుందంటే బుధవారం నుంచే ఆ బెంచీ తుడిచేది.

"డాక్టరేమన్నాడంటే అక్కా, బరువు నిలబడితే మందు పనిచేస్తున్నట్టేనట" అంది టీచరు మూడో వారం. "అందుకే మీ దగ్గరికి రావాలంటే పరీక్ష ఫలితాలకి వచ్చినట్టుంటుంది. మా ఇంట్లో అద్దం రోజుకో మాట చెప్తుంది. మనుషులు మొహమాటానికి బాగున్నావంటారు. అంకె ఒక్కటే అబద్ధమాడదు."

ఆ వారం యాభై ఒకటి. నాలుగో వారం యాభై. తూకాలక్క ఉన్నదున్నట్టు చెప్పింది. టీచరు కాటా మీద నుంచి దిగలేదు. ఇంకోసారి చూడమంది. మళ్ళీ చూసినా యాభయ్యే. ఆ రోజు బెంచీ మీద కూర్చోలేదు, కబుర్లు లేవు. తిన్నగా వెళ్ళి బండిలో కూర్చుని, కిటికీ వైపు తిరిగిపోయింది. బండి లేచి చుక్కంతయ్యేదాకా తూకాలక్క చూస్తూ నిలబడింది. బండి లేచాక ఆవిడ అలా నిలబడి చూడటం అదే మొదటిసారి.

ఐదో వారం కాటా నలభై తొమ్మిది చూపించింది. మా కాటాలో అంకె తూచేవాళ్ళ వైపే కనబడుతుంది. నా బీరువా ఆవిడ వెనకే కాబట్టి నాకూ కనబడుతుంది. ప్రయాణికుడి చేతికి చీటీ మాత్రమే వెళ్తుంది.

"ఎంతక్కా?" అంది టీచరు.

"యాభై. నిలబడిందమ్మా" అంది తూకాలక్క, అదే అంకె నొక్కింది.

టీచరు మొహం వెలిగిపోయింది. బెంచీ మీద కూర్చుని, కబుర్లు చెప్పి, బండెక్కుతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. తూకాలక్క కూడా చెయ్యెత్తింది గాని, అలవాటు లేని పని కాబట్టి, ఎవర్నో ఆపుతున్నట్టుంది.

ఆ తర్వాత ప్రతి గురువారం ఇదే తంతు. నిజం అంకె జారుతూనే ఉంది. చీటీ మాత్రం యాభై దగ్గరే, ఒకసారి యాభైన్నర దగ్గర కూడా, నిలబడింది. మరి బండి కాళ్ళ మీటరో అంటారా? ఇరవై ఆరేళ్ళు కాటా మీద బతికిన మనిషికి అదొక లెక్కా! టీచరుకు ఎన్ని కిలోలు కలిపిందో, ఆ బండిలో మిగతా ముగ్గురి దగ్గర తలా కాస్త కోసేది. వాళ్ళు చీటీ చూసుకుని "ఓహో, తగ్గానే!" అని పొంగిపోయేవాళ్ళు. మొత్తం సరిపోయేది, బండి బుద్ధిగా లేచేది. నేను చూస్తూనే ఉన్నాను. ఏడో వారంలో ఒకసారి, "అసలు కంటే కొసరెక్కువవుతోందక్కా" అన్నాను. వినపడనట్టు తర్వాతి మనిషిని పిలిచింది. నేనూ ఊరుకున్నాను. మనకెందుకొచ్చిన గోల అనేది నా జీవితంలో నేను తప్పకుండా పాటించిన ఒకే ఒక్క సూత్రం.

పన్నెండో గురువారం. కాటా నలభై రెండు చూపించింది. టీచరు మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఆయాసం తీర్చుకుని వచ్చింది. నెలన్నరగా వాంతులు మరీ ఎక్కువయ్యాయంది. తూకాలక్క యాభై నొక్కి, మిగతా ముగ్గురి దగ్గరా మూడు, మూడు, రెండు కోసింది. టీచరు చీటీ చూసుకుని, మడిచి, భద్రంగా పర్సులో పెట్టుకుంది.

బండెక్కి కూర్చున్నాక, తలుపు పడేముందు, "అక్కా, చెప్పడం మర్చిపోయాను, మీ చీటీ వల్ల నాకెంత మేలైందో తెలుసా?" అంది. "ఆసుపత్రిలో తూకం మిషను వేరే భవనంలో ఉంది. అంత దూరం నడవలేనంటే నెలన్నరగా నర్సు మీ చీటీనే తీసుకుంటోంది, ముద్ర ఉందిగా అని. మందు కిలోల లెక్కనే కలుపుతారట!"

తలుపు పడింది. బండి లేచింది.

తూకాలక్క ఉన్నచోటే ఉండిపోయింది. తర్వాతి మనిషి కాటా ఎక్కి, "చూడండమ్మా, చూడండి" అంటున్నాడు. ఆవిడ అతన్ని వదిలేసి నా దగ్గరికొచ్చింది.

"తమ్ముడూ, ఎక్కువ కిలోలంటే ఎక్కువ మందా?"

"అంతేగా మరి" అన్నాను. అన్నాక గాని నా నోట్లోంచి ఏమొచ్చిందో నాకు తెలియలేదు.

"నెలన్నరగా వాంతులంది. నెలన్నరగా నా చీటీ ఇస్తోంది. తగ్గుతోంది కదాని నేను కలుపుతున్నాను. నేను కలిపిన కొద్దీ తగ్గుతోంది." వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టబోయి ఆపేసింది. "నేనే చంపుతున్నాను కదా తమ్ముడూ ఆవిణ్ణి."

అప్పుడు నేనిచ్చిన సలహా ఇక్కడ రాయకుండా దాటేయొచ్చు. కాని రాస్తాను. "ఇప్పుడు నోరెత్తకక్కా. వచ్చేవారం నుంచి మెల్లగా నిజం రాయి. ఎవరికీ తెలియదు" అన్నాను. ఆవిడ నా మొహం చూసింది. మెట్లెక్కే మనుషుల్ని చూసి బరువు చెప్పే చూపది. ఆ రోజు నేనెంత తూగానో నాకు తెలుసు.

"వచ్చేవారమా?" అంది. గాజుగది వైపు నడిచింది.

మా మేనేజరు చెడ్డవాడు కాదు. కాగితాలు సరిగా ఉంటే ప్రపంచం సరిగా ఉన్నట్టేనని నమ్మే రకం. తలుపు తీసే ఉంది కాబట్టి నాకంతా వినపడింది.

"సార్, అవతలి స్టాండుకి చెప్పండి. ఇప్పుడెళ్ళిన బండిలో నాలుగో సీటావిణ్ణి ఆపమనండి. చీటీలో బరువు తప్పు."

"ఎంత తప్పు?"

"ఎనిమిది కిలోలు."

"ఎనిమిదా! కాటా చెడిందా?" అన్నాడాయన, అప్పుడే పెన్ను తీస్తూ. "సరే అమ్మా, కాటా చెడిందని రాస్తాను. మీరు వెళ్ళి లైను చూడండి."

గట్టెక్కడానికి దారి కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఒక్క 'అవును' చాలు. పని ఉంటుంది, బెంచీ ఉంటుంది, గురువారాలుంటాయి. నేను బీరువా తలుపు పట్టుకుని, అనక్కా, అను, అని మనసులో అరుస్తున్నాను.

"కాటా బాగానే ఉంది సార్. నేనే తప్పు నొక్కాను. ఈ ఒక్కరోజు కాదు, ఎనిమిది వారాలుగా. ఈ చీటీ ఒక్కటి మారిస్తే చాలదు. నా చీటీలు చూసి ఆసుపత్రివాళ్ళు లెక్క కట్టిన మందంతా తప్పే. ఏ వారం ఎంతో వాళ్ళకి చెప్పాలి."

మేనేజరు పెన్ను కింద పెట్టాడు. ఆవిడే వంగి రేడియో మైకు అందుకుంది. అవతలి స్టాండు కూడా కప్పు మీదే, అక్కడెప్పుడూ హోరుగాలి. అవతలి మనిషి, వినపడట్లేదు, గట్టిగా చెప్పండి, స్పీకరులో పెడుతున్నాను అన్నాడు.

అప్పుడు తూకాలక్క అరిచింది. మా స్టాండు మీద అంతకుముందెప్పుడూ ఎవరూ వినని గొంతది. ఆవరణ అవతల గుమస్తాకు వినపడాల్సిన గొంతు. "లెక్కల టీచరమ్మని ఆపండి! సూది వెయ్యనివ్వొద్దు! చీటీలన్నీ తప్పు! ఈ వారం నలభై రెండు! పోయినవారం నలభై మూడు! అంతకుముందు నలభై నాలుగు! నలభై ఐదు! నలభై ఆరున్నర!" ఎనిమిది వారాల అంకెలూ, ఒక్కదానికీ తడుముకోకుండా అరిచింది. లైనులో జనం కొయ్యబారిపోయారు. అవతలి స్టాండులో బండి అప్పుడే దిగింది. టీచరు స్పీకరు కింద నుంచే నడుస్తోంది.

ఆ రోజు సూది ఆపారు. మందు కొత్తగా లెక్క కట్టారు. ఇదంతా మాకు కాగితాల ద్వారానే తెలిసింది. టీచరు తిరుగు ప్రయాణం మా బండి మీద చెయ్యలేదు, రోడ్డు మీద వెళ్ళిపోయింది. తూకాలక్కను సాయంత్రానికల్లా పనిలోంచి తీసేశారు. తప్పుడు చీటీలు రాసినవాళ్ళను ఉంచే కంపెనీ ఏదీ లేదు, ఉండకూడదు కూడా. నేనా మాట ఒప్పుకుంటాను. ఆవిడా ఒప్పుకుంది. నీళ్ళ సీసా, కళ్ళజోడు సంచిలో వేసుకుని, "బెంచీ మీద దుమ్ము పడనివ్వకు తమ్ముడూ" అని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా కాటా స్థానంలో నేలలో ఒక పలక బిగించారు. దాని మీదుగా నడిచిపోతుంటే చాలు, అదే తూస్తుంది, అదే సీటు చెప్తుంది. లైను రెట్టింపు వేగంగా కదులుతోంది. ఎవరూ నవ్వట్లేదు.

ఆ తర్వాతి నాలుగు నెలల్లో నేను ఆవిడ ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. బట్టలుతికే దుకాణం వెనక ఒక గది. రెండుసార్లూ గుమ్మంలోనే నిలబడ్డాను. బాగున్నావా అక్కా అన్నాను, బాగున్నాను తమ్ముడూ అంది. లోపలికి రమ్మంది. పనుందన్నాను. నాకు ఏ పనీ లేదు. ఆవిడ ఎదురుగా కూర్చుంటే నేనిచ్చిన ఆ సలహా గుర్తుకొస్తుందని భయం, అంతే.

ఐదో నెలలో ఒక గురువారం టీచరు మళ్ళీ వచ్చింది. గోడ పట్టుకోకుండా మెట్లెక్కింది. పలక మీద నడిస్తే నలభై ఏడు అని చూపించింది. ఆ అంకె వంక చూడనైనా చూడలేదు. తిన్నగా నా బీరువా దగ్గరికొచ్చింది.

"ఇక్కడుండే ఆవిడ ఏరీ?"

"తీసేశారండి."

"ఇల్లు ఎక్కడో మీకు తెలుసా?"

"ఎందుకండి?" అన్నాను. ఆవిడ మొహం చూస్తే పూలబుట్ట తీసుకెళ్ళే మొహంలా లేదు.

"తిట్టాలి" అంది. "అవును, తిట్టడానికే. అలా చూడకండి. ఆవిడ ఆ రోజు అరిచి ఉండకపోతే ఏమయ్యేదో డాక్టరు నాకు చెప్పారు. అది వేరే లెక్క. నాకు తెలుసు. కాని నేను నమ్మింది ఆ ఒక్క అంకెనే అండీ. ఎనిమిది వారాలు ఆవిడ నా కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పింది. ఆ తర్వాత నలుగురి మధ్యలో స్పీకరులో, బస్తా బరువు అరిచినట్టు అరిచింది. మా తమ్ముడు పోనీలే అంటాడు. డాక్టరు పోనివ్వండి అంటారు. ఎందుకు పోనివ్వాలి? నాలుగు నెలలుగా గోడల్ని తిడుతున్నాను. గోడలకేం తెలుస్తుంది? ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టాలి."

కోపంతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. వాటిని తుడుచుకోవడానికి కూడా ఆవిడ ఒప్పుకోలేదు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుండగానే బండికి టైమైంది. ఆఖరికి చెప్పేశాను. ఆదివారం పదింటికి వెళ్తానంది.

చెప్పేశాక నాకు ఒకటే గుబులు. పుండు మీద కారం చల్లడానికి నేనే దారి చూపించాను. డ్యూటీ దిగగానే తూకాలక్క గదికి వెళ్ళాను. ఈసారి గుమ్మం దాటి లోపలికి పోయాను. మంచం, స్టౌ, బోర్లించిన ఒక గ్లాసు, కిటికీ పక్కన ఒక కుర్చీ. కిటికీలోంచి చూస్తే పక్క భవనం గోడ. ఆ గోడకూ కప్పుకూ మధ్య జానెడు ఆకాశం. అందులోంచి అప్పుడప్పుడూ ఒక డ్రోను పోతోంది.

ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. "అక్కా, ఆదివారం ఆ లెక్కల టీచరు నీ ఇంటికొస్తోంది. నువ్వేదో ఊహించుకునేవు, మంచి మాటకి కాదు. తిట్టడానికి. చాలా కోపంగా ఉంది. నీకిష్టం లేకపోతే చెప్పు, ఊళ్ళో లేవని నేను చెప్పేస్తాను."

"నడిచే వస్తోందా? మెట్లెక్కగలుగుతోందా?"

"ఎక్కుతోంది. నలభై ఏడుంది."

తల పంకించింది. ఆ అంకెను నోట్లో పెట్టుకుని చాలాసేపు ఉంచుకుంది. "ఇక్కడికే వస్తానందా?"

"తిట్టడానికక్కా!" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదేమోనని నాకు కోపమొచ్చింది.

"విన్నాను తమ్ముడూ, తిడుతుంది. తిట్టాలి కూడా. తిట్టకపోతే నాకే బాగుండదు." లేచి నిలబడింది. గది నలువైపులా చూసింది, అప్పుడే అద్దెకు దిగినట్టు. "ఎంతసేపుంటుందట?"

"నాకేం తెలుసు? తిట్టేంతసేపు ఉంటుంది" అన్నాను.

"చాలా ఉంటాయిగా తిట్టడానికి. ఎనిమిది వారాలాయె. నిలబడి అంతసేపు తిట్టలేదు పాపం, ఒంట్లో ఇంకా ఓపిక వచ్చుండదు." కిటికీ పక్క కుర్చీని మంచం వైపు తిప్పి చూసింది. మంచం మీద తను కూర్చుని, ఎత్తు సరిపోలేదన్నట్టు మళ్ళీ లేచింది.

"తమ్ముడూ, మీ ఇంట్లో ఇంకో కుర్చీ ఉందా?"

ఉందన్నాను. నా ఇంట్లో రెండున్నాయి. రెండోదాని మీద మనిషి కూర్చుని ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు, ఉతికిన బట్టలు దాని మీదే పడేస్తాను. ఆ బట్టలు తీసి మంచం మీద వేసి, కుర్చీ భుజాన పెట్టుకుని, ఆ సాయంత్రమే తీసుకెళ్ళి ఇచ్చాను.